ఒక ఖాళీకి రెండు దారులు: మనీలా ఎలివేటెడ్ టోల్ రోడ్ల వాదం ఎక్కడిదాకా వచ్చింది?

మనీలాకు ఉత్తరాన ఒక హైవే, దక్షిణాన ఒక హైవే. నార్త్ లుజోన్ ఎక్స్‌ప్రెస్‌వే (ఎన్‌లెక్స్) 1968లో తెరుచుకుంది, సౌత్ లుజోన్ ఎక్స్‌ప్రెస్‌వే ఆ మరుసటి ఏడు. ఉత్తరపుది కేసోన్ సిటీలో బలింతవాక్ దగ్గర ఆగుతుంది, దక్షిణపుది మకాటి మొగదలకు వచ్చి ఆగుతుంది. నడుమ నగరం. ఉత్తరపు కొండల్లో క్యాబేజీ ఎత్తుకున్న బండి దక్షిణాన లగూనా చేరాలంటే ఊళ్లోకి దిగక తప్పేది కాదు. కారైతే ఎడ్సా అనే 24 కిలోమీటర్ల అర్ధచంద్రాకారపు రోడ్డులో బస్సుల మధ్య పాకాల్సి వచ్చేది. లారీ అయితే నిషేధపు వేళలు గడిచేదాకా ఊరి బయట ఇంజను ఆపుకుని కూర్చోవాల్సి వచ్చేది.

ఈ ఖాళీ పూడడానికి అర్ధ శతాబ్దం పట్టింది. తీరా పూడేసరికి ఒకటి కాదు, రెండు ఎలివేటెడ్ టోల్ రోడ్లు వచ్చాయి. 2020 డిసెంబరు ఆఖర్లో స్కైవే మూడో దశ, 2023లో ఎన్‌లెక్స్ కనెక్టర్. ఒకే పనికి రెండు రోడ్లెందుకు, వీటివల్ల ట్రాఫిక్ తగ్గిందా, టోలు ఎంతో ఎవరు తేల్చాలి, కింద నీడలో పడ్డవాళ్ల మాటేమిటి? ఒక్కో ప్రశ్నకూ ఒక్కో వర్గం ఉంది, ఒకరి మాట ఇంకొకరికి వినపడదు. ముందే చెప్పేస్తే, ఈ చిక్కుల్లో ఎక్కువ భాగం ఇంజనీర్ల బల్ల మీద పుట్టినవి కావు. ఒప్పంద పత్రాల్లో పుట్టినవి.

## మార్కోస్ డిక్రీ నుంచి సుహార్తో కుటుంబం దాకా

కథ 1977లో మొదలవుతుంది. అప్పటి అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ రెండు డిక్రీలు జారీ చేశాడు. ఒకదానితో టోల్ రెగ్యులేటరీ బోర్డు పుట్టింది. రెండోదానితో ఒక నిర్మాణ సంస్థకు ఈ రెండు హైవేల మీదా ముప్ఫై ఏళ్ల హక్కు దక్కింది. అప్పుల్లో మునిగిన ఆ సంస్థ తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి పీఎన్‌సీసీ అయింది. 1983లో మరో డిక్రీ ఆ హక్కును మనీలా నగరంలోని ఎక్స్‌ప్రెస్‌వేకి కూడా పొడిగించింది. టెండరు ఊసు లేకుండా ఒక కంపెనీకి రాసిచ్చిన ఈ హక్కే తర్వాతి నలభై ఏళ్ల గొడవలకు విత్తనం.

పీఎన్‌సీసీ దగ్గర హక్కుంది, డబ్బు లేదు. డబ్బున్న భాగస్వామి ఇండోనేషియా నుంచి వచ్చాడు. అక్కడి అధ్యక్షుడు సుహార్తో కూతురు తూతుత్ ఆధ్వర్యంలోని చిత్ర సంస్థ అప్పటికే జకార్తాలో చావాంగ్ నుంచి తాంజుంగ్ ప్రియోక్ రేవు దాకా ఎలివేటెడ్ టోల్ రోడ్డు కట్టిన అనుభవంతో ఉంది. 1995 నవంబరులో ప్రభుత్వం, పీఎన్‌సీసీ, చిత్ర కలిసి అనుబంధ టోల్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. స్కైవే మొదటి దశ బ్వెందియా నుంచి బికుతాన్ దాకా 1998, 1999 సంవత్సరాల్లో తెరుచుకుంది. అలబాంగ్ దాకా రెండో దశ 2011లో పూర్తయింది. దక్షిణపు హైవే నెత్తిన ఇంకో హైవే వచ్చింది గానీ ఉత్తరంతో లంకె మాత్రం కుదరలేదు.

చిత్ర తన వెంట తెచ్చిన ఒక సాంకేతిక పద్ధతి గురించి ఇక్కడ కాస్త ఆగాలి. నడుస్తున్న రోడ్డు మధ్యలో పిల్లరు లేపడం పెద్ద కష్టం కాదు. దాని తలమీద రోడ్డుకు అడ్డంగా రెండు వైపులా చాచుకుని ఉండే దూలం పోయడమే కష్టం, ఎందుకంటే దానికి కింద రోడ్డంతా అడ్డంగా సెంట్రింగు కట్టాలి, అంటే వారాల తరబడి ట్రాఫిక్ ఆపాలి. ఇండోనేషియా ఇంజనీరు చొకోర్దా రాకా సుకావతి దీనికో ఉపాయం పన్నాడు. దూలాన్ని రోడ్డుకు అడ్డంగా కాకుండా డివైడరు వెంబడి, పొడుగ్గా పోస్తారు. కాంక్రీటు గట్టిపడ్డాక దాని కింద అమర్చిన హైడ్రాలిక్ పళ్లెంలోకి నూనె ఒత్తిడి ఎక్కిస్తే వందల టన్నుల దూలం వెంట్రుకవాసి తేలుతుంది. అప్పుడు దాన్ని తొంభై డిగ్రీలు తిప్పి, ఒత్తిడి తీసేసి, బిగించేస్తారు. జాకీ మీద ఎత్తిన కారు నేలమీద ఒలికిన నూనెవల్ల గిర్రున తిరగడం చూసి ఈ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. 1988 జూలైలో జకార్తాలో ఒక రాత్రి మొదటి దూలం తిరిగింది. దీనికి సుహార్తో పెట్టిన పేరు సోస్రోబాహు. జావా తోలుబొమ్మలాటలో అర్జున సస్రబాహు అంటారే, మన వెయ్యి చేతుల కార్తవీర్యార్జునుడే. మనీలా స్కైవే తొలి దూలాలు కొన్ని అలా తిరిగి కూర్చున్నవే.

దూలం తిప్పడానికి ఒక రాత్రి చాలింది. ఒప్పందం చెల్లుతుందో లేదో తేలడానికి పదిహేనేళ్లు పట్టింది. టోల్ బోర్డు తానే ఒప్పందం రాస్తుంది, తానే టోలు ఖరారు చేస్తుంది, ఇది తగునా అన్నది కోర్టుకెక్కిన పిటిషనర్ల ప్రధాన అభ్యంతరం. 2010 అక్టోబరులో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు ఆ ఒప్పందాలు చెల్లుతాయని తీర్పిచ్చింది. చట్టపరంగా గేటు తెరుచుకుంది. అయితే కోర్టు అభ్యంతరాన్ని కొట్టేసిందే తప్ప, దానికి అందరూ ఒప్పుకునే జవాబు దొరకలేదు.

## ఎవరి కొస నుంచి వాళ్లు

2008 చివర ఉత్తరపు హైవే లోపెజ్ కుటుంబం చేతుల్లోంచి మెట్రో పసిఫిక్ చేతికి వెళ్లింది. దక్షిణాన చిత్రతో జతకట్టిన శాన్ మిగ్యుయెల్ క్రమంగా స్కైవేనీ సౌత్ లుజోన్‌నీ తన గూటికి చేర్చుకుంది. బీరుకు పేరుపడ్డ కంపెనీ టోల్ గేట్ల కంపెనీ కావడం వేరే కథ. ఇద్దరు యజమానులు, నడుమ ఒక ఖాళీ. ఎవరి కొస నుంచి వాళ్లు గీత గీశారు.

మెట్రో పసిఫిక్ 2010లో తనంతట తానే ప్రతిపాదన పెట్టింది. ప్రభుత్వ రైల్వే సంస్థ పీఎన్ఆర్ పట్టాల మీదుగా రోడ్డు ఎత్తుతానంది, రైల్వే స్థలం కనక భూసేకరణ తక్కువన్నది దాని వాదం. శాన్ మిగ్యుయెల్ పాత స్కైవే హక్కునే ఆధారం చేసుకుని మూడో దశ అంది. మెట్రో పసిఫిక్ ప్రతిపాదనకు ఏ చట్టం వర్తించాలో తేల్చుకోవడంలోనే ప్రభుత్వం ఏళ్లు గడిపింది. పీఎన్‌సీసీతో జాయింట్ వెంచరా, లేక బీఓటీ (కట్టి, నడిపి, అప్పగించే) చట్టం కింద స్విస్ ఛాలెంజా? అమరావతి స్టార్టప్ ఏరియా గొడవ గుర్తున్న తెలుగు పాఠకుడికి స్విస్ ఛాలెంజ్ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒకరు ప్రతిపాదిస్తారు, ఇతరులు అంతకన్నా మేలైన బేరం చెప్పవచ్చు, మొదటివాడికి దాన్ని అందుకునే హక్కు ఉంటుంది. ఇతరులు సాధారణంగా రారు. ఇక్కడా అంతే అయింది. 2016 నవంబరులో కన్సెషన్ ఒప్పందం మెట్రో పసిఫిక్‌కే దక్కింది.

శాన్ మిగ్యుయెల్‌కి ఆ అడ్డంకి లేదు. 2014 జనవరిలోనే అధ్యక్షుడు అకీనో మూడో దశకు శంకుస్థాపన చేశాడు. మూడేళ్లలో అయిపోతుందన్నారు, ఏడేళ్లు పట్టింది. భూసేకరణ సాగని చోట గీత మార్చి రోడ్డును సాన్ హువాన్ నది మీదికి తోశారు. 2020 ఫిబ్రవరిలో పండాకన్ దగ్గర ఒక ప్లాస్టిక్ గోదాము తగలబడితే పక్కనే కడుతున్న వంతెనలో దాదాపు 300 మీటర్ల మేర దెబ్బతింది. అదే ఏడు నవంబరులో మున్తిన్‌లుపాలో స్కైవే విస్తరణ పనుల దగ్గర ఉక్కు దూలం పడి కింద రోడ్డు మీద వెళ్తున్న ఒక మనిషి చనిపోయాడు. మొదట్లో 4,500 కోట్ల పెసోల లోపే అన్న ఖర్చు 8,000 కోట్లకు చేరిందని శాన్ మిగ్యుయెల్ అధినేత రామోన్ ఆంగ్ చెబుతూ వచ్చాడు.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. మూడో దశ దాదాపు 18 కిలోమీటర్లు, బ్వెందియా నుంచి బలింతవాక్ దాకా, నగరం పొడుగునా. కనెక్టర్ 8 కిలోమీటర్లే, కలోకాన్ నుంచి సాంత మెసా దాకా. అక్కణ్నుంచి దక్షిణానికి మూడో దశతో ఒకే దారి పంచుకోవాలన్నది ప్లాను. మొదటిది కార్లవాళ్ల సమయం ఆదా చేస్తానంటుంది. రెండోది నిషేధపు వేళల్లేకుండా లారీలను రేవు వైపు నడిపిస్తానంటుంది. 2014లో మనీలా నగరం పగటిపూట లారీలను నిషేధించినప్పుడు రేవులో కంటైనర్లు నెలల తరబడి గుట్టలు పడ్డాయి, సెప్టెంబరులో నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. అది చూసినవాళ్లకు రెండో వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ప్రారంభంలో టోలు మూడో దశలో మొత్తం దూరానికి కారుకు 264 పెసోలు. కనెక్టర్‌లో ఎంత దూరం వెళ్లినా కారుకు 86, పెద్ద లారీకి 302.

## లంకె కావాలన్నవాళ్లు, రైలు కావాలన్నవాళ్లు

మొదటి వర్గం నెట్‌వర్కు మనుషులు. జపాన్ సహకార సంస్థ జైకా, ఫిలిప్పీన్స్ ప్రజాపనుల శాఖ, రెండు కంపెనీలూ ఈ వైపు. నగరంలో పనిలేని బండ్లు నగరం రోడ్లెక్కడం వల్లే ఎడ్సా ఉక్కిరిబిక్కిరవుతోందని, వాటిని మీదికి ఎత్తేస్తే కింద రోడ్డు తెరిపిన పడుతుందని వీళ్లంటారు. మనీలా ట్రాఫిక్ వల్ల 2012లో రోజుకు 240 కోట్ల పెసోల నష్టమని జైకా లెక్కగట్టింది, 2017 నాటికి దాన్ని 350 కోట్లు చేసింది. ఆ అంకె ఫిలిప్పీన్స్‌లో మంత్రం లాంటిది, ప్రతి శంకుస్థాపనలోనూ చదువుతారు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. బ్వెందియాలో ఎక్కి బలింతవాక్‌లో దిగేవాడికి గంటల ప్రయాణం నిమిషాల్లోకి దిగిన మాట నిజం.

రెండో వర్గం, రోడ్డు బదులు రైలు కావాలన్నవాళ్లు, అడిగేది వేరు. ఎన్ని నిమిషాలు మిగిలాయని కాదు, ఎన్నాళ్లు మిగులుతాయని. రద్దీ వేళల్లో ఎక్స్‌ప్రెస్‌వే తన సామర్థ్యానికి తగ్గట్టు నిండి తీరుతుందని ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే రాశాడు. జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ 2011లో అమెరికా నగరాల లెక్కలు తీసి, రోడ్డు ఎంత శాతం పెరిగితే బండ్లు తిరిగే దూరం దాదాపు అంతే శాతం పెరుగుతోందని చూపించారు. అమెరికా లెక్కను మనీలాకు ఉన్నదున్నట్టు అతికించడం సరికాదు, టోలు కట్టించే రోడ్డుకు కొంత అదుపు ఉంటుంది. కానీ మనీలాలో ఈ వాదానికి ఇంకో కోణం ఉంది. అక్కడ కారులేని కుటుంబాలే ఎక్కువ. 400 సీసీ లోపు మోటారుసైకిళ్లను ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి రానివ్వరు. అంటే మామూలు స్కూటరువాడికి పైరోడ్డు కేవలం కింద నీడ. ఎంతమంది మనుషులు దాటారన్నది వదిలేసి ఎన్ని బండ్లు దాటాయన్నదే లెక్కపెడితే జవాబు మారిపోతుంది. ఈ ప్రశ్నకు మొదటి వర్గం దగ్గర గట్టి జవాబు లేదు. బస్సులు పంపుతామంటారు, పంపుతారు కూడా, కానీ అవి నడుమ ఎక్కడా ఆగవు.

ర్యాంపుల సంగతి రెండు వర్గాలూ తక్కువగా మాట్లాడతాయి. పైన పదిహేను నిమిషాల్లో వచ్చిన బండి దిగేది ఒక సిగ్నలు దగ్గరే. ర్యాంపు కొసన ఉన్న కూడలి మింగగలిగినన్ని బండ్లే ఆ రోడ్డు అసలు సామర్థ్యం. పై వంతెనకు ఎన్ని లేన్లున్నా అంతే. ఇది ట్రాఫిక్ ఇంజనీర్లకు తెలియని విషయం కాదు. ఒప్పందాల్లో మాత్రం ర్యాంపు కంపెనీది, కూడలి మునిసిపాలిటీది. దాన్ని వెడల్పు చేసే ఖర్చు ఎవరిదన్న వరుస ఖాళీగానే ఉంటుంది.

## టోలు ఎవరు తేల్చాలి

మూడో వర్గానిది డబ్బు వాదం. ప్రైవేటు పెట్టుబడి కనక ప్రజలకు ఖర్చు లేదన్నది ప్రచారం. ఖర్చుంది, టోలు రూపంలో ముప్ఫై ఏళ్ల పైచిలుకు పాటు. పోటీ లేకుండా వచ్చిన ఒప్పందంలో ఆ టోలు సబబైనదో కాదో పోల్చి చూడ్డానికి రెండో ధర ఉండదు. కంపెనీల వైపు నుంచీ ఫిర్యాదులున్నాయి. ఒప్పందం ప్రకారం పెరగాల్సిన టోలును ఎన్నికలకు భయపడి ప్రభుత్వాలు ఆపుతాయని, ఆ బకాయి కొండలా పేరుకుంటుందని వాళ్లంటారు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే చోట నుంచి వస్తాయి. లెక్క బహిరంగంగా లేదు.

బ్యాంకాక్ అనుభవం ఈ సందర్భంలో పనికొస్తుంది. 1993లో అక్కడ రెండో దశ ఎక్స్‌ప్రెస్‌వే సిద్ధమై కూడా టోలు తగాదాతో మూతపడి ఉంటే, ప్రభుత్వం కోర్టు ఉత్తర్వు తెచ్చి తెరిపించింది. జపాన్ కంపెనీ కుమగాయ్ గుమి ఆ తర్వాత తన వాటా అమ్ముకుని వెళ్లిపోయింది. డాన్ మువాంగ్ టోల్‌వే కథ ఇంకో రకం. పైన టోల్ రోడ్డు, కింద వెడల్పవుతున్న ఉచిత రోడ్డు. జనం కిందే ఉండిపోయారు. కింద బాగుపడితే పైన నష్టం, పైన లాభం రావాలంటే కింద ఇరుకుగానే ఉండాలి. ఎలివేటెడ్ టోల్ రోడ్డులో దాగిన ఈ వైరుధ్యాన్ని మనీలా వాదాల్లో ఎవరూ సూటిగా పలకరు.

మనీలాలో రెండు కంపెనీల విడ్డూరం కారు మీదే కనబడేది. శాన్ మిగ్యుయెల్ రోడ్లకు ఆటోస్వీప్ స్టిక్కరు, మెట్రో పసిఫిక్ రోడ్లకు ఈజీట్రిప్ స్టిక్కరు. ఏళ్ల తరబడి ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లే మనిషి రెండూ అంటించుకుని, రెండు ఖాతాల్లో డబ్బు వేసుకోవాల్సి వచ్చింది. 2020 డిసెంబరులో నగదు వద్దు, స్టిక్కరే అనగానే గేట్ల దగ్గర బండ్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచాయి. వలెన్సువేలా మేయరు విసిగిపోయి తన పరిధిలో ఉత్తరపు హైవే సంస్థ వ్యాపార లైసెన్సునే సస్పెండ్ చేశాడు. 2021 ఫిబ్రవరిలో ఒకే ఫాస్టాగ్‌ను దేశమంతా తప్పనిసరి చేసిన మనకు ఇది వింతే. రెండు హైవేలను కలపడమే ధ్యేయమైన రోడ్ల మీద, ఆ కలయికే ఏళ్ల తరబడి కుదరనిది టోలు గేటు దగ్గర.

## నేల, నది, భూకంపం

నాలుగో వర్గంలో నగర చరిత్రకారులు, పర్యావరణవాదులు, భూకంప నిపుణులు ఉన్నారు. ఒకే గొడుగు కింద లేరు, ఒకరితో ఒకరు ఏకీభవించరు కూడా. వీళ్లంతా గట్టిగా కలిసింది మూడో దశ మీద కాదు, దాని తర్వాతి ప్రతిపాదన మీద. పసిగ్ నది పొడుగునా 19 కిలోమీటర్లకు పైగా మరో ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే, 9,500 కోట్ల పెసోల అంచనాతో, 2021 సెప్టెంబరులో ఒప్పందమైంది. సాన్ హువాన్ నది మీద రోడ్డు వేసినప్పుడు పెద్దగా వినబడని గొంతులు పసిగ్ దగ్గర గట్టిపడ్డాయి. మనీలా ఊరు పుట్టిందే ఆ నది ఒడ్డున కనక. 2024 మార్చిలో రామోన్ ఆంగ్ ఆ ప్రాజెక్టు వదిలేస్తున్నట్టు చెప్పాడు. సియోల్ 2003లో చియోంగ్గేచియోన్ మీది ఎలివేటెడ్ రోడ్డు కూల్చి, కింద పూడ్చిన వాగును 2005 నాటికి బయటకు తీసిన సంగతి ఈ వర్గం తరచూ ఎత్తుతుంది. పోలిక బాగుంది గానీ సగమే. సియోల్ ఆ పని సాగుతుండగానే బస్సుల వ్యవస్థను సమూలంగా సరిదిద్దుకుంది, మెట్రో ముందే ఉంది.

భూకంపం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, మాట్లాడాల్సింది ఎక్కువ. 1989లో ఓక్లండ్‌లో సైప్రస్ వంతెన పై అంతస్తు కింద అంతస్తు మీద పడి 42 మంది చనిపోయారు. 1995లో కోబెలో హాన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే 600 మీటర్లకు పైగా పక్కకు ఒరిగిపోయింది. మనీలా కింద వెస్ట్ వ్యాలీ ఫాల్ట్ ఉంది. అది 7.2 తీవ్రతతో కదిలితే దాదాపు 34 వేల మంది చనిపోతారని జైకా, మనీలా అధికారులు కలిసి 2004లో వేసిన అంచనా. కొత్త పిల్లర్లు కోబె తర్వాతి ప్రమాణాలతో కట్టినవే. అయినా పిల్లరు నిలబడటం వేరు, ఆ రాత్రి అంబులెన్సు వెళ్లడానికి కింద రోడ్డు ఖాళీగా ఉండటం వేరు. రెండో ప్రశ్నకు బాధ్యులెవరో ఏ ఒప్పందంలోనూ రాసి లేదు.

## తేలినవి, తేలనివి

ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్లేవాడికి లాభమని తేలింది. ఆ లాభం ఎడ్సా మీద ఎన్నాళ్లు నిలుస్తుందో తేలలేదు. భూసేకరణ ముందే పూర్తి చేయకుండా పని మొదలుపెడితే ఏళ్లు, ఖర్చు రెట్టింపవుతాయని తేలింది. దీని మీద నాలుగు వర్గాల్లోనూ రెండో అభిప్రాయం లేదు. సొంతంగా వచ్చిన ప్రతిపాదనలను ఎలా తూచాలన్నది 2023 డిసెంబరు నాటి కొత్త పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య) చట్టం తర్వాత కూడా వాదంలోనే ఉంది. రెండు రోడ్లు అవసరమా అన్నదానికి నా జవాబు: రేవు లారీలకు కనెక్టర్ అవసరమే, కార్లకు మూడో దశ పనికొచ్చేదే, కానీ ఒకే చోట కూర్చుని గీసి ఉంటే ఈ రెండు పనులూ ఒకే రోడ్డు చేసేది. రెండో గీత గీయించింది ట్రాఫిక్ కాదు, రెండో యజమాని.

హైదరాబాదులో ఈ చర్చ దూరపు మాట కాదు. 2009లో తెరిచిన 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేకి టోలు లేదు కనక మనీలా వాదాల్లో సగం మనకు రాలేదు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ రింగ్ రోడ్డు దాకా 18 కిలోమీటర్ల కారిడారుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది, అదీ రక్షణ శాఖ స్థలం కోసం ఏళ్లు ఎదురుచూశాక. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా పిల్లర్లు ఏళ్ల తరబడి మొండిగా నిలబడితే కింద రోడ్డు గుంతలమయమైన సంగతి ఆ దారిన తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ కారిడార్ల ప్లాను చూసే పాఠకులు పైన వంతెన బొమ్మ కన్నా ముందు ర్యాంపులు ఏ కూడలిలో దిగుతున్నాయో, ఆ కూడలి ఎవరిదో చూడాలి.

తిరిగి మనీలాకు వస్తే, రైలు సంగతి మిగిలింది. ఎన్‌లెక్స్ కనెక్టర్ నిలబడ్డది పీఎన్ఆర్ రైలు పట్టాల వెంబడి. ఉత్తర, దక్షిణాలను కలిపే 147 కిలోమీటర్ల కొత్త కమ్యూటర్ రైలు మార్గమూ నగరంలో ఆ దారినే వస్తోంది. దాని నిర్మాణం కోసం 2024 మార్చి 28 నుంచి ఆ పట్టాల మీద పాత రైళ్లు ఆపేశారు. ఐదేళ్లు పడుతుందని ప్రకటించారు.